సీమ చేనుకు సముద్రపు టానిక్

ఆగస్టులో వాన ముఖం చాటేసి పదిహేను రోజులైందంటే చాలు, అనంతపురం జిల్లా మందుల అంగళ్లలో ఈ దృశ్యం కనిపిస్తుంది. రైతు ఒక శెనక్కాయ చెట్టును వేళ్లతో సహా పీకి, కవర్లో చుట్టుకొచ్చి బల్ల మీద పెడతాడు. "వానొచ్చేదాకా దీన్ని నిలబెట్టే మందేమన్నా ఉందా అన్నా?" అంగడాయన చెట్టును ఒకసారి తిప్పి చూసి, పై అరలోంచి నల్లటి సీసా దించుతాడు. "సముద్రపు నాచు టానిక్కు. బెట్టకు బాగా తట్టుకుంటాది. ట్యాంకుకు రెండు మూతలు పోసి కొట్టు."

అక్కడికి సముద్రం రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. అయినా నాచు సారం ఇప్పుడు రాయలసీమ సేద్యంలో మామూలు సరుకైపోయింది. అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో, పులివెందుల అరటిలో, కర్నూలు ఎర్రగడ్డ మీద, పత్తికొండ టమోటా మీద, చివరికి వానను నమ్ముకున్న శెనక్కాయ మీద కూడా కొడుతున్నారు. కొందరికి అది ఎరువు, కొందరికి మందు, ఇంకొందరికి ఉత్త రంగునీళ్లు. ఈ మూడు పేర్లలో ఏదీ దానికి సరిగ్గా అతకదు. నాచు సారం పనిచేస్తుంది. కానీ చేసే పని చాలా చిన్నది, అదీ వేళకు పడితేనే. సీమలో చాలావరకు వేళ దాటిపోయాకే ఆ సీసా మూత తెరుచుకుంటోంది.

ముందు లెక్క చూద్దాం. బాగా వాడుకలో ఉన్న, ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో వారి సాగరిక ద్రవాన్నే తీసుకుంటే, అందులో నాచు సారం 28 శాతం. ఎకరాకు 250 మిల్లీలీటర్లు కొట్టమంటారు. అంటే ఎకరా చేను మొత్తానికి చేరే అసలు సారం సుమారు 70 గ్రాములు. వానాకాలం శెనక్కాయను అడుగు ఎడం సాళ్లలో, చెట్టుకూ చెట్టుకూ మధ్య పది సెంటీమీటర్లు వదిలి విత్తితే ఎకరాకు దాదాపు 1.33 లక్షల చెట్లుంటాయి. ఆ 70 గ్రాములను వీటికి పంచితే ఒక్కో చెట్టుకు వచ్చేది అర మిల్లీగ్రాము. ఉప్పు రవ్వ కూడా అంతకంటే పెద్దగానే ఉండవచ్చు. అదే వానాధారపు శెనక్కాయకు సిఫార్సు చేసే ఎరువులు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. పూత దశలో వేసే జిప్సం ఇంకో 200 కిలోలు. ఇన్ని కిలోల తిండికి 70 గ్రాములు ఏ లెక్కన చూసినా బదులు కాలేవు. కాబట్టి "నాచు కొట్టినాం, ఈసారి ఎరువు తగ్గించొచ్చు" అనే మాటను ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు.

లేబుల్ మీద పొటాష్ శాతం రాసి ఉంటే అది చూసి మురిసిపోవడం కూడా దండగే. నాచులో సహజంగానే కొంత పొటాష్ ఉంటుంది, నిజమే. కానీ చాలా కంపెనీలు గోధుమ రంగు నాచును పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంలో ఉడికించి కరిగిస్తాయి. సీసాలో కనిపించే పొటాష్‌లో కొంత భాగం ఆ క్షారంలోంచి వచ్చిందే. సేంద్రియ సేద్యం చేసేవాళ్లు నాచు అన్న పేరు చూసి ఆగిపోకుండా, ఏ పద్ధతిలో తీసిన సారమో కూడా అడగడం మంచిది.

మరి అర మిల్లీగ్రాముతో చెట్టుకు ఏమవుతుంది?

నాచును పొలానికి వాడటం కొత్త సంగతేమీ కాదు. ఐర్లండ్ పక్కన ఆరన్ దీవుల్లో ఉత్త సున్నపురాతి బండల మీద ఇసుకా నాచూ పరుచుకుంటూ పోయి మట్టిని తయారుచేసుకుని, దాని మీద ఉర్లగడ్డలు పండించారు. అది బండ్లకొద్దీ నాచు. మన దగ్గర చెరువు మట్టి, పెంట తోలుకున్నట్టే. సీసాలోకి ఎక్కే కథ 1940ల్లో మొదలైంది. ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ మిల్టన్ అనే రసాయన శాస్త్రవేత్త నాచును క్షారంతో కలిపి ఒత్తిడిలో ఉడికించి ద్రవంగా మార్చే దారి చూపించాడు. బండి నాచు చేసే పని వేరు, చెంచా సారం చేసే పని వేరు. మొదటిది నేలకు మేత. రెండోది చెట్టుకు ఒక సంకేతం.

ఆ సంకేతం ఎలా పనిచేస్తుందో చాలాకాలం తప్పుగానే అర్థం చేసుకున్నారు. సారంలో సైటోకైనిన్లు, ఆక్సిన్లు లాంటి హార్మోన్లు కనబడ్డాయి కాబట్టి వాటి వల్లే చెట్టు పెరుగుతోందని అనుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, అందులోని హార్మోన్ల పాళ్లు మరీ తక్కువ. సారం తగిలాక చెట్టు తన హార్మోన్ల తయారీనే కాస్త మార్చుకుంటోంది. ముఖ్యంగా వేళ్లు గుబురుగా రావడం, ఎండకు ఆకు తొందరగా వాడకపోవడం లాంటి మార్పులు ఇలా వచ్చేవే. లామినారిన్ అనే చక్కెర సంగతి మరీ చిత్రం. గోధుమ నాచులో ఉండే ఈ పదార్థం కొన్ని బూజుల గోడల్లో ఉండే పదార్థాన్ని పోలి ఉంటుంది. ఆకుకు అది తగిలితే తెగులు మీదికొచ్చిందనుకుని రక్షణ ఏర్పాట్లు మొదలుపెడుతుంది. ఒక రకంగా ఇది చెట్టుకు ఉత్తుత్తి టెన్షన్ పెట్టి తయారు చేయించడమే.

అమ్మేవాళ్లు చెప్పే ఇంకో కథ ఉంది. ఉత్తర అట్లాంటిక్ తీరంలో రాళ్లను అంటిపెట్టుకుని పెరిగే అస్కోఫిల్లమ్ అనే నాచు ఆటుపోట్ల మధ్య బతుకుతుంది. నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా గాలికీ ఎండకూ ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. అంత ఎండను తట్టుకునే నాచు రసం మన చేనుకు కూడా ఆ బలం ఇస్తుందట. వినడానికి బాగానే ఉంది. కానీ మన దేశంలో అమ్ముడయ్యే సారంలో చెప్పుకోదగ్గ భాగం కప్పాఫైకస్ అనే ఎర్ర నాచుది. తమిళనాడులోని రామనాథపురం తీరంలో వెదురు తెప్పలకు కట్టి, 45 రోజులకో కాపుగా దాన్ని పెంచుతారు. ఆ పనిలో ఎక్కువమంది మత్స్యకార మహిళలే. ఆ నాచు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉంటుంది, దానికి ఎండ బాధ తెలియదు. అయినా దాని రసం కూడా పంటల మీద పనిచేసిన దాఖలాలున్నాయి. కాబట్టి ఎండను తట్టుకున్న నాచు అనే కథకూ సీసా పనితనానికీ ముడిపెట్టలేం. భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ ఎర్ర నాచును పచ్చిగానే నలిపి రసం పిండే పద్ధతిని తయారు చేసింది. రసం పోగా మిగిలిన పిప్పి నుంచి ఐస్‌క్రీములో, టూత్‌పేస్టులో వాడే క్యారగీనన్ వస్తుంది. గోధుమ నాచును ఉడికించి తీసిన సారం, ఎర్ర నాచును పిండి తీసిన రసం ఒకటి కావు. లోపలి సరుకు వేరు, మోతాదు వేరు, కలిపే తీరు కూడా వేరు. బల్ల మీద మాత్రం రెండింటికీ పేరొకటే, నాచు టానిక్కు.

వాడిన చెట్టుకు వడ్డన

బెట్ట విషయంలో పరిశోధనల్లో మంచి ఫలితాలు కనబడ్డ చోట చాలావరకు సారాన్ని బెట్టకు ముందో, బెట్ట మొదలయ్యే సమయంలోనో ఇచ్చారు. చెట్టు ఆ సంకేతాన్ని అందుకుని, వేరు పెంచుకుని, కణాల్లో నీటిని పట్టి ఉంచే పదార్థాలను కూడబెట్టుకోవాలి. ఇందుకు రోజులు కావాలి, కొంచెం పదును కూడా కావాలి. ఆకులు ముడుచుకుని, మధ్యాహ్నానికి చేను బూడిద రంగుకు తిరిగాక కొడితే పరిస్థితి వేరు. ఆకు మీది రంధ్రాలు అప్పటికే మూసుకుని ఉంటాయి. పైపొర మందమై ఉంటుంది. అనంతపురం ఆగస్టు గాలికి తుంపర ఆకు మీద పడీ పడకముందే ఆరిపోతుంది. లోపలికి పోయేది ఆ అర మిల్లీగ్రాములో ఎంతో చెప్పనక్కర్లేదు.

శెనక్కాయకు ఇంకో చిక్కుంది. పూత అయ్యాక పువ్వు నుంచి సాగే ఊడలు మట్టిలోకి దిగితేనే కాయ కడుతుంది. ఎర్ర నేల పైపొర ఎండి పెంకులా గట్టిపడితే ఊడ దిగలేక కొసన ఎండిపోతుంది. చెట్టు ఎంత పచ్చగా ఉన్నా దానికి లాభం లేదు. ఆకు మీద కొట్టిన ఏ టానిక్కూ మట్టిని మెత్తబరచలేదు. పచ్చగా నిలబడి, పీకితే మూడు కాయలు వేలాడే చేన్లు సీమకు కొత్తవి కావు. అక్కడ పనికొచ్చేవి ఒక తడి, లేదంటే ముందే ఎంచుకున్న విత్తనం. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6, ఆ తర్వాతి కదిరి లేపాక్షి లాంటి రకాల ఎంపిక వల్ల పడే తేడా ముందు నాచు తేడా చిన్నది.

నీళ్ల బాధ ఎటూ ఉన్నదే. ఎకరాకు 200 లీటర్ల నీళ్లతో కొట్టాలంటే 16 లీటర్ల స్ప్రేయర్ పన్నెండు పదమూడు సార్లు నింపాలి. బోరు లేని చేనుకు ఆ నీళ్లు డ్రమ్ముల్లో తోలుకోవాలి. ఆటో బాడుగ, కూలి కలిపితే సీసా ఖరీదు కన్నా అవే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

ఈ సరుకు నిజంగా అక్కరకొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. నర్సరీ ట్రేలోంచి తీసిన టమోటా, మిరప నారు పొలంలో నాటుకున్నాక నాలుగైదు రోజులు తలవాలుస్తుంది. వేళ్లు తెగిన ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి నాచు సారం సాయపడుతుంది. నాటేముందు వేళ్లను పలచటి ద్రావణంలో ముంచడం, లేదా నాటిన వెంటనే మొదట్లో పోయడం మంచి పద్ధతి. పులివెందుల వైపు నాటే టిష్యూకల్చర్ అరటి పిలకలకూ ఇదే వర్తిస్తుంది. మొక్క చిన్నది, నీరు అందుబాటులో ఉంటుంది, కొత్త వేరు పుట్టే అవకాశం ముందే ఉంటుంది, ఇచ్చే సారం కూడా వేరు పక్కనే పడుతుంది. డ్రిప్ ఉన్న చీనీ తోటలో కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు పెట్టి, మళ్లీ నీళ్లు వదిలాక, పూత నుంచి పిందె నిలబడే వరకు వాడటంలోనూ కొంత అర్థముంది. అయితే పిందె రాలడానికి జింకు లోపమో, నీళ్ల హెచ్చుతగ్గులో కారణమైతే ముందు వాటి సంగతి చూడాలి. వానాధారపు చేనుకు, డ్రిప్ ఉన్న తోటకు ఒకే సీసాను ఒకే మాట చెప్పి అమ్మడంతోనే సగం తగవు మొదలవుతోంది.

గ్లాసులో జిగురు

డ్రిప్ అంటే ఇంకో మాట చెప్పుకోవాలి, ఇది మాత్రం పైపులు తెరిచి చూసినవాళ్లకే తెలుస్తుంది. గోధుమ నాచు సారంలో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉంటుంది. దానికి క్యాల్షియం తగిలితే గట్టిపడి జెల్లీలా మారుతుంది. డ్రిప్ నీళ్లలోకి మందును లాగే వెంచురీ డబ్బాలో నాచు సారంతో పాటు క్యాల్షియం నైట్రేట్ కూడా ఒకేసారి కలిపిన తోటల్లో ఫిల్టరు జల్లెడ మీద ముక్కు చీమిడిలాంటి పొర పేరుకోవడానికి ఇదొక కారణం. కలిపేవాడు దాన్ని పాచి అనుకుని కడిగేస్తాడు. వారం తర్వాత డ్రిప్పర్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. నీళ్లలో యాసిడ్ పోసి సారం కలిపినా ఇలాగే విరిగి అడుక్కు దిగుతుంది, ఈసారి కారణం ఆల్జినిక్ ఆమ్లం.

సీమ బోరు నీళ్లు చాలాచోట్ల సున్నపు నీళ్లే. బిందె లోపల తెల్లటి పొర కట్టే నీళ్లలో క్యాల్షియం ఉన్నట్టే. అందుకే సీసా మొత్తం డ్రమ్ములో ఒంపేముందు ఒక గాజు గ్లాసులో చూసుకోవడం మేలు. గ్లాసు నిండా తోట నీళ్లు తీసుకుని, స్ప్రేకు కలిపే పాళ్లలోనే సారం వేసి, కలపదలచిన మిగతా మందులు కూడా చిటికెడు చిటికెడు వేసి అరగంట వదిలేయాలి. వెలుతురుకు పట్టి చూస్తే నూలు పోగుల్లాంటి తీగలు గానీ, అడుగున చిక్కటి తునకలు గానీ కనబడితే ఆ కలయిక పనికిరాదు. కొన్ని సారాల్లో ఆల్జినేట్‌ను తయారీలోనే విరగ్గొడతారు, వాటితో ఈ తంటా తక్కువ. ఏది ఏదో లేబుల్ చెప్పదు. గ్లాసు చెబుతుంది.

చట్టం ఏమంటోంది

చాలా ఏళ్లపాటు ఈ టానిక్కుల అంగడికి అడ్డూ అదుపూ లేదు. ఎరువుల చట్టం కిందికి రాలేదు, పురుగుమందుల చట్టం కిందికీ రాలేదు. సంచిలో ఏముందో తనిఖీ చేసే అధికారం ఎవరికుందో తెలియని సందు అది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, బయోస్టిమ్యులెంట్లు అనే కొత్త తరగతిని చేర్చింది. నాచు సారాలు, హ్యూమిక్ ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు వగైరా ఇందులోకొచ్చాయి. ఆ ఉత్తర్వు ఇచ్చిన నిర్వచనంలోనే ఒక ముఖ్యమైన మాటుంది: అందులోని పోషకాలతో నిమిత్తం లేకుండా చెట్టు లోపలి పనులను ఉత్తేజపరిచేది. అంటే ఇది ఎరువు కాదని ఎరువుల ఉత్తర్వే ఒప్పుకుంటోంది.

పురుగుమందు అవశేషాలు 0.01 పీపీఎం (పదిలక్షల పాళ్లలో 0.01 పాలు) దాటకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. అది ఊరికే పెట్టింది కాదు. టానిక్కు కొట్టగానే పురుగు కూడా పోయిందంటే నాచు మహిమ అనుకునే బదులు అనుమానించాలి. నాచు సారం పురుగును చంపదు. రెండు రోజుల్లోనే చెట్టు సాగి, కణుపులు దూరమై, పచ్చదనం ఉబికితే అందులో జిబ్బరెల్లిక్ ఆమ్లమో యూరియానో కలిసిందనుకోవచ్చు. నాచు పని అంత తొందరగా కంటికి కనబడదు.

తాత్కాలిక అనుమతుల మీద అమ్మకాలు సాగించుకోవడానికి ఇచ్చిన గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 జూన్ దాకా వచ్చింది. ఆ తర్వాత జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పిన లెక్క ప్రకారం, ఒకప్పుడు దేశంలో సుమారు 30,000 బయోస్టిమ్యులెంట్లు అడిగేవాడు లేక అమ్ముడయ్యాయి. అంతకుముందు నాలుగేళ్లలో కూడా 8,000 దాకా మిగిలాయి. కట్టుదిట్టం చేశాక దాదాపు 650కి తగ్గాయి. ఈ అంకెలు చూశాక "నాచు కొట్టినా, ఏం లాభం లేదు" అనే రైతును తప్పుపట్టడం కష్టం. ఆయన కొట్టింది నాచే అని ఎవరికి తెలుసు? సీసా మీద ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద బయోస్టిమ్యులెంట్‌గా నమోదైన వివరం, ఏ నాచు, ఎంత శాతం, ఏ పంటకు ఎంత మోతాదు అన్నవి లేకపోతే దాన్ని అరలోనే ఉండనివ్వాలి. బిల్లు అడగాలి. కొద్దిగా నవ్వొచ్చే మాటే అయినా చెప్పక తప్పదు: అప్పు మీద సరుకిచ్చే అంగట్లో బిల్లు అడగడం సీమ రైతుకు అంత సులువైన పని కాదు.

పదహారు చెట్లకో కాయ

గిట్టుబాటు సంగతికొస్తే, సీసా, కూలి, నీళ్లు కలిపి ఎకరాకు ఒకసారికి 600 రూపాయలు అయిందనుకుందాం. 2025-26కు శెనక్కాయ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ 600 రావాలంటే అదనంగా ఎనిమిది కిలోల పైచిలుకు కాయలు పండాలి. నాలుగు క్వింటాళ్లు పండే చేన్లో ఇది రెండు శాతం. మొదట వినగానే ఇంతేనా అనిపిస్తుంది. ఒక కాయ గ్రాము తూగుతుందనుకుంటే, చెట్లు పూర్తిగా మొలిచిన చేన్లో ఇది పదహారు చెట్లకు ఒక కాయ ఎక్కువ రావడమన్నమాట.

అసలు ఇబ్బంది ఇక్కడే. పదహారు చెట్లకు ఒక కాయ తేడాను ఏ కన్నూ పట్టుకోలేదు. పక్క చేన్లో ఒక వాన ఎక్కువ పడ్డా, గట్టు వార నేల కాస్త లోతున్నా తేడా అంతకు పదింతలు వస్తుంది. అందుకే మంచి ఏడాదిలో కొట్టినవాడు టానిక్కును పొగుడుతాడు, చెడ్డ ఏడాదిలో కొట్టినవాడు తిడతాడు. ఇద్దరూ మాట్లాడేది వాన గురించే. పైగా అంగడాయన నాచుతో పాటు నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 ఎరువు ప్యాకెట్టు కూడా చేతిలో పెడతాడు. చేను పచ్చబడితే ఆ పేరు నాచుకు పోతుంది, పని చేసింది మాత్రం ప్యాకెట్టులోని నత్రజని.

ఈ చిక్కు విడదీయడానికి ల్యాబు అక్కర్లేదు. చేను మధ్యలో, గట్టుకు దూరంగా, నేల ఒకే తీరుగా ఉన్న చోట ఎనిమిదేసి సాళ్ల పట్టీలు మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకదానికి నాచు సారం ఒక్కటే కొట్టాలి, ఇంకేమీ కలపకూడదు. రెండోదానికి అదే స్ప్రేయర్‌ను కడిగి, అంతే నీళ్లు ఉత్తవి కొట్టాలి. మూడోదాన్ని ముట్టుకోకూడదు. ఉత్త నీళ్ల పట్టీ ఎందుకంటే, తడి వల్ల వచ్చిందేదో సారం వల్ల వచ్చిందేదో తెలియాలి కదా. నిజానికి ఎకరాకు 200 లీటర్లంటే 0.05 మిల్లీమీటర్ల వాన, నేలకు తెలియనే తెలియదు. అయినా ఉండనివ్వాలి, వాదన వచ్చినప్పుడు పనికొస్తుంది. ఒకచోట తేలింది నేల గుణమేమోనన్న అనుమానం పోవాలంటే ఈ మూడు పట్టీలనూ చేన్లో ఇంకో రెండు చోట్ల కూడా వేయాలి. గాలికి తుంపర పక్క పట్టీ మీద పడుతుంది కాబట్టి తూకానికి ప్రతి పట్టీలో మధ్య నాలుగు సాళ్లే తీసుకోవాలి. పీకినప్పుడు పచ్చికాయ తూస్తే మట్టీ తేమా కలిసి లెక్క చెడుతుంది. ఏ పట్టీ కాయలు ఆ సంచిలోనే వేసి, చీటీ కట్టి, ఇంటి మిద్దె మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, చీటీల మీద ఏముందో తెలియని మనిషి చేత తూకం వేయించాలి.